ఎల్లవ్వ పెట్టిన ఎదురు మంట

ఇంత ఎండలో వర్ని దాకా వచ్చిన పెద్దలకు, పాస్టరుగారికి, ఎల్లవ్వ బిడ్డ లిడియాకు, తునికాకు తెంపే అక్కలకు, అన్నలకు నమస్కారం. మనం ఒక మంచి మనిషిని పోగొట్టుకున్నాం.

నా పేరు ఆత్మారాం. ఇక్కడ అటవీ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా పదకొండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీకందరికీ ఎల్లవ్వ చుట్టం. నాకు మాత్రం మొదట ముద్దాయి.

నవ్వండి, ఫరవాలేదు. ఆమె ఉంటే మనకన్నా ముందే నవ్వేది.

నేను వచ్చిన మొదటి నెలలోనే, గుట్ట మీద తునికి పొదలకు నిప్పు పెడుతుండగా ఆమెను పట్టుకున్నాను. పట్టుకున్నాను అంటే ఆమె పారిపోలేదు. నేను రొప్పుతూ పైకి ఎక్కేదాకా ఆగి, తన సీసాలో నీళ్లు తాగించింది. "పైలం సారూ, ఆగాగి ఎక్కాలె. గుట్ట యాడికి పోదు," అన్నది.

ఎందుకు కాలుస్తున్నావని గద్దించాను. "కాలిస్తేనే ఆకు లేతగొస్తది. ముదురాకు బీడీలకు ఎవలు గొంటరు?" అన్నది. జవాబు లేనప్పుడు ఆఫీసరు ఏం చేస్తాడు? ఇంకో ప్రశ్న వేస్తాడు. ఈ గుట్ట మీద అన్నీ ముసలి ఇప్పచెట్లే ఉన్నాయి, పిల్ల ఇప్ప ఒక్కటైనా ఉందా అని అడిగాను.

మిత్రులారా, నేను నోటికొచ్చింది అడిగాను. ఆమె రెండు రోజులు గుట్టంతా వెతికింది. మూడోనాడు మా ఆఫీసుకు వచ్చి, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా నిలబడి చెప్పింది: "పిల్ల ఇప్ప ఒక్కటి లేదు సారూ. మొలిశినయి మొలిశినట్టే కాలవెట్టిన. నేనే."

మనలో ఎంతమందిమి రెండు రోజులు నడిచి మన తప్పును మనమే వెతికి తెచ్చుకుంటాం?

ఆనాటి నుంచి గుట్టకు కావలి ఆమే. తునికి పొదలను కాల్చకుండా కొడవలితో కొట్టి చూపించింది. చిగురు అంతే లేతగా వచ్చింది. ఎండాకాలం ఎవరు గుట్ట ఎక్కినా అగ్గిపెట్టె కోసం జేబులు తడిమేది. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద సారు జేబులోంచి లైటరు తీసి కొంగున ముడేసుకుంది. ఆయన నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. దిగేటప్పుడు తిరిగి ఇచ్చేసింది, సలహా కలిపి: "గిది మానితె ఆయాసం తగ్గుతది సారూ."

ఇక నా బండి సంగతి. మీకు తెలుసు. తెలిసీ పదేపదే అడుగుతుంటారు.

ఒక మార్చిలో చెరకు చెత్తకు ఎవరో పెట్టిన నిప్పు గాలికి గుట్ట ఎక్కింది. మంట ముందు ముప్పై ఇళ్లు. ఆర్పడానికి మా చేతుల్లో పచ్చి కొమ్మలే. ఎల్లవ్వ అన్నది: "బాట అంచు పొంటి మనమే ఎదురు మంట పెడదాం. పెద్ద మంట వచ్చేసరికి దానికి తిన ఏం దొరకొద్దు." నాకు రూల్సు గుర్తొచ్చాయి. పైవాళ్లను ఫోన్లో అడగాలని, బండిని బాట మీదే వదిలి, సిగ్నలు కోసం ఒక బండరాయి ఎక్కాను. "బండి తియ్యి సారూ," అన్నది. తీయలేదు. "సారూ, బండి!" అన్నది. ఆగమని చెయ్యి చూపించాను.

నేను రాయి దిగేసరికి ఆమె పెట్టిన మంట, పెద్ద మంట ఎదురెదురుగా వచ్చి, తినడానికి ఏమీ లేక చల్లారాయి. ముప్పై ఇళ్లూ మిగిలాయి. నా కొత్త బండి మిగల్లేదు.

బండి ప్రమాదవశాత్తు కాలిందని రిపోర్టు రాసి ఆమెకు వినిపించాను. ఒప్పుకోలేదు. "అబద్ధం రాయకు సారూ. నేనే కాల్చిన అని రాయి. మూడుసార్లు చెప్పిన అని గూడ రాయి." రెండుసార్లే చెప్పావన్నాను. "మూడోసారి మనసుల అనుకున్న," అన్నది.

అంత జరిగినా నాకు బుద్ధి వచ్చిందా? రాలేదు. కాలిన చోట మూడు వేల నర్సరీ మొక్కలు నాటించాను. "కింద మొద్దులు సావలే సారూ. మేకలను ఆపు, అగ్గిని ఆపు. గవే లేస్తయి," అని ఆమె మొత్తుకుంది. వినలేదు. మరుసటి ఎండాకాలానికి నా మొక్కలు పుల్లలయ్యాయి. ఆమె చెప్పిన మొద్దుల నుంచి మోదుగ, నల్లమద్ది, చండ్ర ఛాతీ ఎత్తు లేచాయి. గెలిచిన మనిషి ఏం చేసిందో తెలుసా? మే నెలంతా బిందెతో నీళ్లు మోసి నా మొక్కలకు పోసింది. "సారు తెలివి తక్కువైతె పిల్లలేం జేస్తయి?" అన్నది. నలభై ఒకటి బతికాయి.

పోయిన నెల నిజామాబాద్ ఆసుపత్రిలో చూశాను. తన రోగం మాట ఎత్తలేదు. "ఫైర్ లైను ఊడ్చిండ్రా?" అన్నది. మంట దాటకుండా ఎండుటాకు ఊడ్చి ఉంచే బాట అది. ఊడ్చారని అబద్ధం చెప్పాను. "ఏ దిక్కుకెళ్లి మొదలువెట్టిండ్రు?" అన్నది. నా చెయ్యి పట్టుకుని నవ్వింది. మూడో రోజు పోయింది.

సమాధి చేసిన మర్నాడు లిడియా చీపురు పట్టుకుని గుట్ట ఎక్కింది. వెనక పదకొండు మంది అక్కలు. వాళ్ల వెనక, నడుం పట్టుకుని నేను. నాలుగు కిలోమీటర్లు ఎండుటాకు ఊడ్చాం. నిన్న పొద్దుగూకే ముందు పూర్తయింది. దారిలో ఒకచోట లిడియా వంగి, చీపురు ఆపి, నన్ను పిలిచింది. జానెడు పిల్ల ఇప్ప. చుట్టూ చూస్తే ఇంకా ఉన్నాయి. లెక్కపెడుతూ పోయి, ఏడ్పు వచ్చి, లెక్క తప్పాను.

గాలి ఇప్పుడు గుట్ట వైపు నుంచే వస్తోంది. పొగ వాసన లేదు.

లేవండి. నిలబడలేని వాళ్లు పక్కవాళ్లను పట్టుకోండి. రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం.