పద్దెనిమిది గుంతల కాగితం

మెదక్‌లో వకీలు జకరయ్య ఆఫీసు. కుర్చీ చూపించినా కూర్చోకుండా టైలరు ఖమర్ జహాన్ తన వకీలునే నిలదీస్తోంది.

“ఆడిండ్రా లేదా? గదొక్కటి చెప్పుండ్రి వకీల్ సాబ్.”

“ముందు కూసోండ్రి ఆపా. చాయ్ తెప్పిస్త.”

“చాయ్ నాకొద్దు. నన్ను దుకాణం ఖాళీ చేయిస్తానని కేసేసిన ఓనరు మదన్ మోహన్‌తోని శనివారం గోల్ఫ్ ఆడిండ్రా లేదా?”

“ఎవలు చెప్పిండ్రు?”

“మా తమ్ముడు రజాక్. కారు కిరాయికి తోల్కపోయి గేటు కాడ ఆగిండు. మీరిద్దరు నవ్వుకుంట బయటికొచ్చిండ్రట.”

“నవ్వింది ఆయన.”

“అంటే ఆడిండ్రు!”

“ఆడిన. చీటీలు తీసి జోడీలు కడ్తరు. నాకు ఆయన వడ్డడు.”

“కడుపు నొస్తుందని లేసి రాకపోయిండ్రు?”

“రావాల్సిందే. రాలే. నెలకొక్కపూట దొరుకుతది నాకు గా ఆట. కోర్టుల అబద్ధాలు ఇని ఇని పాణం ఇసుగుతది ఆపా. గా గడ్డి మీద ఎవ్వని తప్పు వాడే ఒప్పుకోవాలె. గందుకే నాకు ఇష్టం. మస్తు ఇష్టం.”

“నాకు నా దుకాణం ఇష్టం! పదహారేండ్ల సంది గాడనే కుడుతున్న. ‘మోకాళ్లు పోయినయ్, మెట్లెక్కలేను, కింద ఉండనీకి గా దుకాణమే కావాలె’ అని గాయన బోనుల ఏడిస్తే జడ్జి సాబ్ కుర్చీ ఏయించిండు. రేపు మన సాక్ష్యం. మీరేమో గాయనతోని…”

“రేపు మీ తరఫున వకీలు లలిత మేడమ్ నిలవడ్తది. గీ కాగితం మీద సంతకం వెట్టుండ్రి.”

“ఏం కాగితం?”

“నేను కేసు వదులుతున్నట్టు.”

“యా అల్లా! అమ్ముడువోయిండ్రా?”

“ఆపా, జర నెమ్మది…”

“ఏం నెమ్మది? చర్చికి పొయ్యే మనిషి, మాట తప్పడు అని మా అమ్మ మీ కాడికి తోలింది. ఏరు దాటినంక తెప్ప తగలేసేటోళ్లను సూసిన. మీరు నడి ఏట్లనే తగలేస్తుండ్రు!”

“తిట్టుండ్రి. కానీ ఇనుండ్రి. గా ఆట ఎంతసేపో ఎరికేనా? నాలుగు గంటలు. పద్దెనిమిది గుంతలు. ఆరేడు కిలోమీటర్లు, అంత ఎక్కుడు దిగుడే.”

“అయితే?”

“బండి ఎక్కుతవా అంటే వద్దన్నడు. నడిచిండు. నాకంటే ముందు నడిచిండు.”

“మరి మోకాళ్లు?”

“మీ మోకాళ్ల కంటే గట్టిగున్నయ్. గా ఆటల ఒకని దెబ్బల లెక్క ఇంకొకడు రాస్తడు. ఆఖర్ల ఇద్దరు సంతకం వెట్టాలె. గిది దాని నకలు. సూడుండ్రి, శనివారం తారీఖు, పద్దెనిమిది గుంతల లెక్క, కింద మదన్ మోహన్ సంతకం.”

“గింత ఉంచుకొని… గిది జడ్జి సాబ్‌కు సూపెట్టుండ్రి!”

“ఉత్త కాగితం సాలదు. నడవంగ కండ్లార సూసినోడు బోనెక్కి చెప్పాలె.”

“ఎవలు సూసిండ్రు?”

“అక్కడున్నోళ్లంత ఆయన దోస్తులే. నోరిప్పరు. గందుకే నవ్విండు. ‘నువ్వామె వకీలువి, సాక్ష్యం ఎట్ల చెప్తవ్’ అని నా భుజం తట్టిండు.”

“చెప్పద్దా వకీలు?”

“చెప్పద్దు. ఒక్క కేసుల వాదించుడు, సాక్ష్యం చెప్పుడు రెండూ కుదరవు.”

“మరేం ఫాయిదా!”

“పైంగ, గ్రౌండుల సూసింది కోర్టుకు మోసినోనితోని మల్ల ఎవ్వలు ఆడరు. గేటు కూడ దాటనియ్యరు. రాత్రంత గదే ఆలోచన, ఆపా. నిద్ర పట్టలే.”

“అంటే మీ ఆట కోసం నా దుకాణం పోవాలె. గంతేనా?”

“సంతకం వెట్టుండ్రి. మీ వకీలుగ ఉన్నంతసేపు, నేను మీ తరఫున బోనెక్కలేను.”