ఒక్క రింగు

(2004. హిందూపురం అవతల రేడియో టెలిస్కోపు గేటు, సాయంత్రం. చుక్కల మీద పరిశోధన చేసే భారతి, కాపలా ఉండే దాసప్ప.)

“సెల్లు లేదంటాండా గదమ్మా. మళ్ళీ మళ్ళీ అడిగితే యాణ్ణించి తెచ్చేది?”

“కోప్పడనులే దాసప్పన్నా. జోబిలో ఉండేదేంది?”

“వక్కాకు తిత్తి.”

“వక్కాకు తిత్తి వెలుగుతాందే.”

“వెలుగుతాండాదా? పాడుది.”

“సెల్లు లోపలికి తేకూడదని తెలీదా నీకు?”

“తెలుసమ్మా. గేటుకాడ ఉంటే ఏమైతాదిలే అనుకుంటి. ఏమైనాది?”

“నా చుక్క పోయినాది.”

“చుక్కా?”

“చచ్చిపోయిన చుక్కలు కొన్ని గిర్రున తిరుగుతాంటాయన్నా. తిరిగినప్పుడల్లా టక్కు, టక్కుమని ఆడ్నించి మనకు చప్పుడందుతాది. మన గడియారాలు తప్పినా అవి తప్పవు. అట్లాంటిది కొత్తదొకటి దొరికిందనుకుంటి. మా సారుకు కూడా చెప్పేస్తి.”

“మంచిదే గదా?”

“ఏం మంచిది. చుక్క ఏదైనా దినామూ ముందురోజు కంటే రవ్వంత ముందే పొడుస్తాది. ఇదేమో దినామూ సరిగ్గా ఏడింటికే వస్తాండాది. అంటే ఆకాశంది కాదు, మనుషులది. వెతుక్కుంటా వస్తే నీ జోబికాడ తేలినాది.”

“ఏడింటికా... ఆ. మిస్డ్ కాలమ్మా అది. ఒక్క రింగిచ్చి పెట్టేస్తారు.”

“ఆ ఒక్కటి చాలు, మా మిషన్లు బెదిరేదానికి. ఎవరు, మీ ఇంటామె నరసక్కనా?”

“నరసక్క యాడుండాదమ్మా. పోయి మూడేండ్లాయె.”

“అయ్యో. తెలీదన్నా. మరి ఎవరు?”

“మనోళ్ళే.”

“మనోళ్ళంటే?”

“ఇల్లు చేరినాననేదానికి గుర్తుగా ఇస్తారనుకుంటా. అది పడినాకే నాకు ముద్ద దిగేది.”

“అనుకుంటావా?”

“అంతేలేమ్మా.”

“నీకు రింగన్నా ఉండాది. పెనుకొండలో మా ఇంటికి తాళమేసి వచ్చినాక నన్ను పిలిచేవాళ్ళే లేరు. ఆ చుక్కొకటే పిలుస్తాందనుకుంటి.”

“అట్లనాకమ్మా.”

“సరే, నీ రింగు నేనెందుకు చెడగొట్టాల? డ్యూటీ దిగినాక ఇమ్మను. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు.”

“అది కుదరదు.”

“దుడ్లయిపోతాయనా? ఆఫీసు ఫోన్లో చెయ్.”

“దుడ్ల మాట కాదు.”

“మీకు మాటల్లేవా?”

“ఎప్పుడూ లేవు.”

“ఎప్పుడూ అంటే? ఆ నంబరిట్లియ్యి, నేనే చెప్తా.”

“వద్దమ్మా, నీకు దండం పెడతా. రేపట్నించి సెల్లు ఇంటికాడే పెట్టొస్తా. అది ఒట్టి ఇంట్లో మోగినా సరే. నువ్వు మాత్రం చేయాకు.”

“ఎందుకన్నా అంత భయం?”

“ఎవరో నాకు తెలీదమ్మా. ఎవరికో ఇయ్యాల్సిన రింగు, తప్పి నాకొస్తాండాది. మనం చేస్తే వాళ్ళకు తెలిసిపోతాది గదా.”