చెప్పులు విప్పే చోటు

వియత్నాంలోని సైగాన్‌లో ఒక పార్కు. పొద్దున్నే నడకకొచ్చిన ఓ ముసలాయన, ఓ రిటైరైన టీచరమ్మ బ్యాడ్మింటన్ కోర్టు పక్కన చెప్పులు విప్పారు.

“నీ పుణ్యమా అని నా మోకాళ్ళ నొప్పి పోయింది అన్నయ్యా! నిన్ను చూసే మా జట్టంతా ఇక్కడ వట్టికాళ్ళతో నడుస్తోంది.”

“అది వైద్యం కాదు టీచరమ్మా. ఇక్కడ మా అమ్మ ఉంది.”

“ఎక్కడ?”

“మన కాళ్ళ కింద. పార్కు కాకముందు ఇది శ్మశానం కదా. రెండు నెలల్లో ఎవరి వాళ్ళ ఎముకలు వాళ్ళు తవ్వి తీసుకుపొమ్మంది సర్కారు.”

“తెలుసు. మా తాతని మేమూ బుద్ధుడి గుడికి మార్చాం. నువ్వు తియ్యలేదా?”

“అమ్మ ఎముకలు చేత్తో కడిగి కుండలో పెట్టాలంటే భయమేసింది. రేపు, ఎల్లుండి అంటూ గడువు దాటించేశాను.”

“మరి మీ చెల్లెలు ఏటేటా గుడిలో మీ అమ్మ కుండ ముందు అగరొత్తులు వెలిగిస్తుందే?”

“అందులో ఉన్నవి నేను పెట్టిన ఇటుక ముక్కలు. నలభై ఏళ్ళుగా చెల్లెలి మొహం చూడలేక చస్తున్నా.”

“అయ్యో, ముందే చెప్పొద్దూ!”

“ఏమైంది?”

“మీ చెల్లెలికీ మోకాళ్ళ నొప్పులేగా. నీ వైద్యం నేనే చెప్పాను. అదిగో, గేటు దగ్గర బండి దిగుతోంది. చెప్పులు ఎక్కడ విప్పాలో నువ్వే చూపించు.”