రెండు కప్పులే పెట్టావేం?

గుడ్లా? గుడ్ల కోసం నన్నిప్పుడు కొండ దిగువ టోర్‌గ్రిమ్ ఇంటికి వెళ్ళమంటావా? బాగుందయ్యా! నలభై ఏళ్ల కాపురంలో ఇంట్లో గుడ్లున్నాయో లేవో ఏనాడైనా అడిగావా ఐలిఫ్? ఈస్టరుకని బుట్టెడు తెచ్చాను, వచ్చి చూసుకో.

నవ్వకు. ఆ రాయబారి నవ్వు నా దగ్గర కాదు.

పొద్దున కిటికీ కింద మంచులో చూశాను. స్కీ చెక్కలు జారిన గీతలు కావు, కాళ్ల గుంటలు! మోకాలి లోతు మంచులో స్కీలు లేకుండా నడిచేవాడు ఈ కొండ మనిషి కాదు. మనవాళ్లయితే తలుపు కొట్టకుండా, కాఫీ తాగకుండా పోతారా? వాడు కిటికీ దాకా వచ్చి, నిలబడి, వెనక్కి పోయాడు.

ఎవరో పరాయివాడు దారి అడిగాడని చెప్పిన టోర్‌గ్రిమ్‌ని ఫోన్లో దులిపేశాను, వాడికి మా ఇంటి దారెందుకు చెప్పావని. "కొండమీద ఎవరెక్కడున్నారో నలుగురికీ తెలియాలి కదా వదినా! అయినా ఎవరడిగినా చెప్పమన్నది మీ ఆయనే" అన్నాడు.

మా ఆయనే!

వాడు ఆ కమాండర్ కొడుకేనా? చెప్పు. కిటికీ వైపు చూస్తావేం? సరే, అర్థమైంది.

నీకేం తక్కువయ్యా? కత్తులు నూరుకునేవాళ్లని ఎన్ని దేశాల్లో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టావు! అది చూసే కదా పార్టీవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు, విదేశాంగ మంత్రిని చేశారు. ఆ కుర్చీలో ఉండే కదా ఆ తిరుగుబాటు కమాండర్‌కి మాటిచ్చావు, చర్చలకి రా, నీమీద ఈగ వాలనివ్వను అని. నమ్మి బయల్దేరాడు. విమానాశ్రయం దారిలోనే కాల్చేశారు. కాల్చింది నువ్వా? కాదు కదా! పదవి వదిలేశావు, నిద్ర వదిలేశావు. ఇప్పుడు ప్రాణం కూడానా?

పోనీ గడియైనా పెట్టనీ. ఏమిటీ? తుఫానులో చిక్కినవాళ్లు వస్తారు, కొండమీద తలుపుకి గడియ పెట్టకూడదా? తుఫానే వస్తోందయ్యా, రెండు కాళ్లమీద!

పోలీసులకి ఫోన్ చేస్తానంటే చెయ్యి పట్టుకుంటావేం? మాట్లాడ్డానికే వస్తున్నాడా? ఎవరన్నారు? నువ్వే అనుకున్నావా? అంటే నీకూ తెలీదన్నమాట.

అవునూ, బల్లమీద రెండు కప్పులే పెట్టావేం? నీకొకటి, వాడికొకటి. నేను గుడ్లు మోసుకుంటూ తిరిగొచ్చేసరికి అంతా అయిపోవాలా?

జరుగు. మూడోది తెచ్చుకుంటున్నా. ఇక్కణ్ణుంచి లేస్తే ఒట్టు. నీ మాటలు కొండలూ సముద్రాలూ దాటాయి, నామీద మాత్రం పనిచెయ్యవు.

విన్నావా? మెట్ల మీద మంచు దులుపుకుంటున్నాడు.

నువ్వు లేవకు. నేనే పిలుస్తాను.

రా బాబూ, లోపలికి రా. గడియ లేదు.