బెండకాయ జిగురు

నారాయణఖేడ్ బస్టాండులో పట్నం బస్సు కోసం తమ్ముడు నిలబడి ఉన్నాడు. సాగనంపడానికి అక్క వచ్చింది.

"మల్ల నల్లగ రక్తం కక్కినవంట. నీ పెండ్లాం ఫోన్ల ఏడ్చింది."

"జరంతే అక్కా."

"రెండు నెలల సంది నువ్వొచ్చినప్పుడల్ల బెండకాయ జిగురు నీళ్లు తాపుతున్న. నొప్పి తగ్గిందన్నవు గద?"

"తగ్గింది. డాక్టరమ్మ గూడ మేలు చెయ్యొచ్చు అన్నది. జిగురు కడుపుల పొర లెక్క పడుతదట, దాని కింద పుండు మానుతదట."

"మరేమైంది?"

"పొద్దుమాపు నొప్పుల గోలీలు మింగుతున్న. మానే పుండును అవి మల్ల రేపుతున్నయట."

"గోలీలు బంద్ చెయ్యి రా!"

"చేస్తే మోకాళ్లు లేస్తలేవు. సిమెంటు బస్తాలెట్ల మొయ్యాలె?"

"మల్ల రక్తం పోతే బతుకవని చెప్పలేదా ఆమె?"

"చెప్పింది. దవాఖాన్ల పండుమన్నది. నేను పండుకుంటే పిల్లలేం తినాలె?"

"ఇక్కడ్నే ఉండు. నాతోని పత్తి ఏరుదువు."

"వంగితే మల్ల లేవలేను. బస్తానైతే ఎవరన్న నెత్తికెత్తుతరు. గోలీ ఏసుకొని నడుస్త."

బస్సు వచ్చి ఆగింది.

"పట్నం రూంల ఒక్కనివే బెండకాయలు నానబెట్టుకుంటవా?"

"నానబెట్టుకుంట అక్కా."

నానబెట్టుకోడని ఆమెకు తెలుసు. అయినా సరే అన్నట్టు తలూపింది. కండక్టర్ అరిచేదాకా తమ్ముడి చేయి వదలలేదు.