కడగకూడని మట్టి

బరంపురంలో అల్లుడు కొత్త గాజుతొట్టి తుడుస్తున్నాడు. అందులో పెంచుకోడానికి మంచినీళ్ళ ఎర్రరొయ్యలు పది, సాయంత్రానికి వచ్చేస్తాయి. చమఖండి నుంచి పొద్దున్నే అత్తతో వచ్చిన మామ, నలభై ఏళ్ళు సముద్రంలో రొయ్యలు పట్టినవాడు, బస్తా తెచ్చి తొట్టి పక్కన దించాడు.

“సముద్రపు ఇసక తెచ్చినాను బాబూ. తొట్టి అడుగున ఎయ్యి.”

“ఉప్పుకి ఈ రొయ్యలు సచ్చిపోతాయి మావా. జపాన్ నుంచి మట్టి తెప్పించినాను.”

“ఆ నల్లదా? మీ అత్త బియ్యంలాగ మూడునీళ్ళు కడిగేసింది.”

“అది కడక్కూడదు మావా! బురదైపోద్ది!”

“అయిపోనాది. మిరపమొక్కకి పోసేసింది. ఇప్పుడు రొయ్యలేటవుతాయి?”

అల్లుడు ధీమాగా మీసం సవరించుకున్నాడు.

“ఏటీ అవ్వవు. మట్టి లేకపోయినా ఒట్టి అద్దం మీద బతికేస్తాయి.”

“మరి జపాన్ మట్టెందుకు బాబూ?”

“పక్కింటి పాత్రోబాబుకి సూపించడానికి. జపాన్ పేరున్న ఖాళీ సంచి పారెయ్యలేదు కదా?”