తౌనో గారి నిచ్చెన

మా ఫిన్లండ్ పల్లెలో మార్చి వస్తే ఇళ్ల కప్పుల మీది మంచు తోసుకోవాలి. అందుకని ఎక్కిన తౌనో రెండు గంటలుగా కప్పు మీదే కూర్చున్నాడు. నిచ్చెన జారి కింద పడి ఉంది. పక్కింటి హిల్కా వచ్చి కంచె దగ్గర నిలబడింది.

“ఏం తౌనో గారూ, పైన ఎండ బాగుందా?”

“బ్రహ్మాండంగా ఉందండీ.”

“నిచ్చెన పడిపోయినట్టుందే?”

“పడింది లెండి.”

“ఎత్తి పెట్టనా?”

“అయ్యో, వద్దు! సాయం చేసినవాళ్లని కాఫీ ఇవ్వకుండా పంపుతానా? ఇంట్లో పొడి నిండుకుంది.”

“పొడి నేను తెస్తాను.”

“మీ పొడితో మీకే కాఫీనా! రేపు ఊళ్లో తలెత్తుకు తిరగొద్దూ నేను?”

“అదీ నిజమే.”

“ఇంతకీ ఏమిటిలా వచ్చారు?”

“ఒకటి అడగాలండీ. మొహమాటంగా ఉంది. ఇప్పటికి రెండుసార్లు కంచె దాకా వచ్చి వెనక్కి పోయాను.”

“ఇరుగుపొరుగన్నాక మొహమాటమేమిటి? అడగండి.”

“మీ నిచ్చెన కాసేపు ఇస్తారా? మాది విరిగింది. మా ఆయన పొద్దుటి నుంచీ మా కప్పు మీదే ఉన్నాడు.”

“ఓస్, ఇంతేనా! నోరు తెరిచి అడిగితే పోయేదేముందండీ? పట్టుకెళ్లండి.”

“మీకు అవసరం లేదు కదా?”

“అబ్బే, నాకిప్పుడు నిచ్చెనతో పనేముంది!”